డైట్, జిమ్, కేలరీల లెక్క అన్నీ ఉన్నా బరువు ఎందుకు పెరిగింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీకు 34 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. శివరాత్రి ఉపవాసం, జాగరణ అయిన మర్నాడు పొద్దున్న కాటా ఎక్కితే 71.4 కిలోలు. డైట్ ఆ రోజే మొదలుపెట్టారు. యాప్‌లో రోజుకు 1,300 కేలరీలు దాటనివ్వలేదు. వారానికి ఐదు రోజులు జిమ్‌కు వెళ్తున్నారు, బరువులు ఎత్తడం ఇదే మొదటిసారి. ట్రైనర్ చెప్తే వే ప్రొటీన్, క్రియాటిన్ (జిమ్‌కు వెళ్లేవాళ్లు కండబలానికి వేసుకునే పొడి) వాడుతున్నారు. ఇంట్లో వంట అత్తయ్యగారిది. ఉగాది వెళ్లిన మూడో రోజు చూసుకుంటే 73.1. పీరియడ్స్ రేపో ఎల్లుండో రావాలి. "ఇంత కష్టపడి 1.7 కిలోలు పెరిగాను, ఇది థైరాయిడేనా, 1,000 కేలరీలకు దిగమంటారా?" అని అడిగారు.

1,000కి దిగకండి. మీకు పెరిగింది దాదాపుగా నీరే, కొవ్వు కాదు. అలాగని అంతా సవ్యంగా ఉందని కూడా అనను. యాప్‌లో 1,300 అని ఉన్నా, మీరు తింటున్నది 1,700 దగ్గర ఉంటుందని నా అంచనా. అందుకే కొవ్వు తగ్గడం నెమ్మదిగా ఉంది, ఆ తగ్గిన కాస్తా నీటి బరువు చాటున కనబడకుండా పోయింది. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి, మంచిదే. కానీ జవాబు అక్కడ దొరుకుతుందని నేననుకోను.

విజయవాడలో 19 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నే నెలకు నలుగురైదుగురు అడుగుతారు, అందులో ఒకరిద్దరు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక చిన్న లెక్క. కిలో కొవ్వు చేరాలంటే ఒంట్లో ఖర్చయ్యేదాని మీద సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. 1.7 కిలోలకు 13,000 అవుతుంది. ఐదు వారాలకు పంచితే రోజుకు 370 పైన. మీ వయసు, ఎత్తు, బరువు, జిమ్ అన్నీ కలిపి చూస్తే మీకు రోజుకు 1,900 నుంచి 2,000 ఖర్చవుతాయి. అంటే 1.7 కిలోల కొవ్వు పట్టాలంటే మీరు ఐదు వారాల పాటు రోజూ 2,300 తిని ఉండాలి. రాసుకున్నది 1,300. రోజూ వెయ్యి కేలరీలు లెక్కలోకి రాకుండా పోవాలి. అది అసాధ్యం అనను, అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి కింద చెప్తాను. కానీ మీ ప్రశ్న చివర్లో మాటవరసకి ఒక వాక్యం రాశారు: "జీన్స్ మాత్రం కొంచెం వదులైనట్టుంది, అది నా భ్రమేమో." భ్రమ కాదండీ. మీరు రాసినదంతటిలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం అదే. కిలోన్నర కొవ్వు చేరిన మనిషికి జీన్స్ వదులవదు.

మరి 1.7 కిలోలు ఎక్కడివి? మీరు బరువు చూసుకున్న ఆ రెండు రోజులూ ఏవో చూడండి.

మొదటిది శివరాత్రి మర్నాడు. పగలంతా తిండి లేదు, రాత్రి నిద్ర లేదు, నీళ్లు కూడా సరిగా తాగి ఉండరు. పేగుల్లో రోజూ ఉండే సరుకు లేదు. కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండి నిల్వ ఉంటుంది, ఒక రోజు ఉపవాసంతో అది చాలావరకు ఖాళీ అవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అదీ పోతుంది. ఆ పొద్దున కాటా మీద కనబడింది మీ మామూలు బరువు కాదు, దానికంటే కిలో తక్కువ అయినా ఆశ్చర్యం లేదు.

రెండోది ఉగాది వెళ్లిన మూడో రోజు. పులిహోర, గారెలు, బొబ్బట్లు ఎంత "కొంచెమే" తిన్నా, పండగ వంటలో ఉప్పు ఉంటుంది, పండగ మర్నాడు మిగిలినవీ ఉంటాయి. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌ చూశారు కదా, అందులో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. రక్తంలో, కణాల చుట్టూ ఉండే నీరు కూడా దాదాపు ఆ పాళ్లలోనే ఉంటుంది. మామూలుకంటే మూడు గ్రాముల ఉప్పు ఎక్కువగా నిలిచిందంటే దాన్ని పలచన చేయడానికి మూడొందల మిల్లీలీటర్ల నీరు కూడా నిలవాలి. కిడ్నీలు దాన్ని బయటకు పంపడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. దానికి తోడు మీకు పీరియడ్స్ ముందు రోజులు. ఆ వారంలో చాలామంది ఆడవాళ్లకు అర కిలో నుంచి రెండు కిలోల దాకా నీరు పడుతుంది, పీరియడ్స్ మొదలైన మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది.

అంటే తక్కువ చూపించే రోజున మొదలుపెట్టి, ఎక్కువ చూపించే రోజున ముగించారు. ఈ రెంటి మధ్య తేడాను ఐదు వారాల కష్టానికి ఫలితం అనుకున్నారు.

ఇక జిమ్. కొత్తగా బరువులు ఎత్తినప్పుడు కండరాల్లో సూక్ష్మంగా దెబ్బలు తగులుతాయి. మొదటి వారం మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేసినట్టు ఉండి ఉంటుంది, అది అదే. బాగుచేసుకునేందుకు కండరం చుట్టూ నీరు చేరుతుంది. వ్యాయామం అలవాటైన కొద్దీ కండరాలు గ్లైకోజెన్ కూడా ఎక్కువ దాచుకుంటాయి, మళ్లీ దాంతో నీరు. క్రియాటిన్ సంగతి సరేసరి, అది కండరాల్లో చేరుతూ తనతోపాటు నీటినీ తీసుకెళ్తుంది. మొదటి కొద్ది వారాల్లో కిలో నుంచి రెండు కిలోలు పెరగడం మామూలే. మీ ట్రైనర్ ఈ ముక్క ముందే చెప్పి ఉంటే మీకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. కిడ్నీలు బాగున్నవాళ్లకు క్రియాటిన్ ప్రమాదమేమీ కాదు. కాకపోతే రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ అంకె కాస్త ఎక్కువ చూపించొచ్చు, పరీక్షలకు వెళ్తే వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి.

నమ్మకం కుదరకపోతే నా సంగతే చెప్తాను. నాలుగేళ్ల క్రితం ఒక నెలంతా రోజూ పొద్దున్నే, ఒకే కాటా మీద, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకున్నాను. ఆ నెల డైట్ లేదు, వ్యాయామంలో మార్పు లేదు. ఒకే వారంలో కనిష్ఠానికి, గరిష్ఠానికి మధ్య తేడా 1.8 కిలోలు. గరిష్ఠం వచ్చింది గుంటూరులో పెళ్లి భోజనం తిన్న మర్నాడు. అప్పటి నుంచి ఒక్క రోజు బరువు చూపించి నన్ను ఏమీ అడగవద్దని క్లినిక్‌లో అందరికీ చెప్తున్నాను.

దీనికి తలకిందుల కథ కూడా ఉంది. కొన్నేళ్ల క్రితం మన రెండు రాష్ట్రాల్లోనూ అన్నం మానేసి, కొబ్బరి నూనె తాగే డైట్ ఊరూరా నడిచింది కదా. ఒకాయన మొదటి వారంలోనే నాలుగు కిలోలు తగ్గి వీధి వీధంతా చెప్పుకున్నాడు. పిండిపదార్థం మానేస్తే గ్లైకోజెన్, దాంతో నీరు వెళ్లిపోతాయి, అందులో ఎక్కువ భాగం అదే. రెండు నెలల తర్వాత మేనకోడలి పెళ్లిలో రెండు పూటలు అన్నం తిన్నాడు, మూడో రోజుకు మూడు కిలోలు వెనక్కి వచ్చాయి. "అన్నం ముట్టుకుంటే చాలు మేడమ్, ఒళ్లు చేసేస్తోంది" అంటూ వచ్చాడు. పోయినప్పుడు కొవ్వు పోయిందనుకున్నాడు, వచ్చినప్పుడు కొవ్వు వచ్చిందనుకున్నాడు. రెండుసార్లూ నీరే.

ఇప్పుడు ఆ 1,300 సంగతి. మీరు అబద్ధం రాశారని అనడం లేదు. అత్తయ్యగారు వండిన కూరను యాప్‌లో "వెజ్ కర్రీ, 1 కప్పు" అని ఎంచుకుంటే ఆ యాప్‌కు మీ ఇంటి మూకుడు సంగతి ఏం తెలుసు? అలాంటి అంకెలు చాలా యాప్‌లలో ఎవరో యూజర్లు వేసినవే. ఒకే బెండకాయ వేపుడు నాలుగు చెంచాల నూనెతో చేస్తే ఒక లెక్క, గరిటెతో పోస్తే ఇంకో లెక్క.

మన వంటింట్లో లెక్క తప్పేది ముందు నూనె దగ్గరే. గ్రాముకు 9 కేలరీలు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, అంటే 8,200 కేలరీలు. ఒక టీచరమ్మ ఇలాగే 1,200 కేలరీల లెక్కతో వచ్చింది, మూడు నెలలుగా గ్రాము తగ్గలేదు. నేను కూరల గురించి ఏమీ అడగలేదు, "నెలకు నూనె ఎన్ని ప్యాకెట్లు తెస్తారు?" అని అడిగాను. ముగ్గురు మనుషులకు ఆరు లీటర్లు. భాగిస్తే మనిషికి రోజుకు దాదాపు 545 కేలరీలు నూనెలోంచే. డీప్ ఫ్రై చేసి పారబోసింది తీసేసినా నాలుగొందలు దాటుతుంది. ఆవిడ యాప్‌లో నూనె అనే వరుసే లేదు. కూర్చుని పని చేసే ఆడవాళ్లకు వంటలో వాడేది, పైన వేసుకునేది నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 20 గ్రాములు చాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్ల సిఫార్సు, అంటే నాలుగు టీస్పూన్లు. మన తాలింపు ఒక్కటే దాన్ని తినేస్తుంది.

మీ ఇంట్లో వంట మీ చేతిలో లేదు, అందుకని అత్తయ్యగారికి "నూనె తగ్గించండి" అని చెప్పడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. చెప్పకండి. నెల మొదట్లో కొత్త నూనె సీసా మీద తేదీ వేయండి, నెలాఖరుకు ఎంత అయిందో చూసి, గ్రాముల్లోకి మార్చి (లీటరుకు 910), మనుషులతో, రోజులతో భాగించండి. గొడవ ఉండదు, అంకె వస్తుంది. ఆ అంకెను 9తో గుణించి మీ యాప్‌లో రోజూ ఒక వరుసగా వేసుకోండి. చాలామంది ఇళ్లలో ఆ అంకె చూశాక అత్తగార్లే గరిటె బదులు చెంచా పట్టుకున్నారు, చెప్పకుండానే.

రెండోది అన్నం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు, 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 130. బియ్యం తూచి, యాప్‌లో అన్నం అని వేస్తే ఒక్క పూటకే 220 గల్లంతు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే ఒకబ్బాయి నాకు వీడియో కాల్‌లో మాట్లాడేవాడు. గ్రాము తేడా లేకుండా తూచేవాడు, అంత శ్రద్ధ. నాలుగు నెలలు తూచిందంతా బియ్యమే, రాసిందంతా అన్నమే. అన్నాళ్లూ నాకూ అది తట్టలేదు. ఒక రోజు కుక్కర్‌లో పోసే ముందు తూస్తుండగా కెమెరాలో కనబడితే ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక ఆరోగ్యం పేరుతో వచ్చేవి. కొర్రలు, రాగులు, బ్రౌన్ రైస్ మంచివే, పీచు ఎక్కువ, ఆకలి త్వరగా వేయదు. కానీ గ్రాముకు కేలరీలు బియ్యానికి దాదాపు సమానం. "సిరిధాన్యాలే కదా" అని రెండు గిన్నెలు తిన్నా లెక్క మారదు. బెల్లం పంచదారకు చుట్టమే. గోరువెచ్చని నీళ్లలో పెద్ద చెంచా తేనె వేస్తే 60 పైన, దాంతో కొవ్వేమీ కరగదు. గుప్పెడు వేయించిన పల్లీలు 30 గ్రాములు ఉంటాయి, 170 కేలరీలు. నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లి రెండుసార్లు గుప్పెట్లో పోసుకున్నవి యాప్‌లోకి ఎక్కవు. పిల్లలు వదిలేసిన దోసె ముక్క పారేయలేక తినేది, కూర ఉప్పు సరిపోయిందా అని చూసేది, పాల గిన్నెలో మీగడ గీకేది కూడా అంతే. దీన్ని ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు, నేనూ మీగడ గీకే మనిషినే.

వారం మధ్యలో ఆరు రోజులు రోజుకు 300 చొప్పున మిగిలిస్తే 1,800 అవుతుంది. ఆదివారం బిర్యానీ, కూల్ డ్రింక్, సాయంత్రం ఐస్‌క్రీమ్, "ఈ రోజు చీట్ డే" అని యాప్ తెరవకపోవడం. ఆ ఆరు రోజులదీ ఆ ఒక్క రోజులో చాలావరకు తిరిగి వచ్చేస్తుంది. మీ వారం లెక్కల్లో ఆదివారం ఖాళీగా ఉంటే అదే నా మొదటి అనుమానం.

పైన అసాధ్యం అనను అన్నానే, అది ఇందుకు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 1,200 కేలరీల లోపే తింటున్నా బరువు తగ్గడం లేదన్న పదిమందిని తీసుకుని, వాళ్ల శరీరం నిజంగా ఎంత ఖర్చు చేస్తోందో లేబొరేటరీ పద్ధతుల్లో కొలిచారు. వాళ్ల మెటబాలిజంలో తేడా ఏమీ కనబడలేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా రాశారు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా రాశారు. అది చదివి మనుషులు అబద్ధాలకోరులని అనుకోవద్దు. తిండిని కళ్లతో అంచనా వేయడం మనిషికి రాదు. నాకూ రాదు, డిగ్రీ ఉండి కూడా.

ఖర్చు వైపు కూడా ఇదే తంతు. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు రకాల పరికరాలను పరీక్షించారు. గుండె వేగం చాలావాటిలో బాగానే వచ్చింది. కేలరీల విషయంలో అన్నిటికంటే నయమనిపించినదానిలో కూడా సగటు తప్పు 27 శాతం, అధ్వానమైనదానిలో 93. మీ వాచీ "450 ఖర్చయ్యాయి" అంటే దాన్ని తిండిలో తిరిగి కలుపుకోకండి. మీ బరువు మనిషి గంట నడిచి ఐదు కిలోమీటర్లు వెళ్తే, ఊరికే కూర్చున్నప్పుడు ఎలాగూ అయ్యే ఖర్చు తీసేశాక, మిగిలేది రెండొందల లోపే. ఇంకో సంగతి, జిమ్ మొదలుపెట్టాక చాలామంది మిగతా రోజంతా కదలడం మానేస్తారు. తెలియకుండానే లిఫ్ట్ ఎక్కుతారు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటారు. జిమ్‌కు ముందు నెలలో మీ ఫోన్‌లో అడుగులు రోజుకు ఎన్ని, ఇప్పుడు ఎన్ని, ఒకసారి పోల్చి చూడండి.

థైరాయిడ్. మన దగ్గర బరువు పెరిగిన ప్రతి ఆడమనిషికీ పక్కింటావిడ చెప్పే మొదటి మాట ఇదే. టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి, ముఖ్యంగా మలబద్ధకం, చలి ఓర్చలేకపోవడం, చర్మం పొడిబారడం, పీరియడ్స్‌లో తేడా, విపరీతమైన నీరసం ఉంటే. కానీ థైరాయిడ్ తక్కువైనందువల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలు, అందులోనూ ఎక్కువ ఉప్పు, నీరు. పదిహేను కిలోలు పెరిగి "థైరాయిడండీ" అంటే మాత్ర వేసుకున్నాక పదిహేనూ దిగవు, ఆ నిరాశ నేను చాలాసార్లు చూశాను. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్లు చదువుతుంటే ఒక మాట: ఖాళీ కడుపుతో నీళ్లతో వేసుకుని కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే మూడూ కలిపి కాఫీతో మింగి, "మందు పనిచేయడం లేదు" అని డోసు పెంచుకుంటూ పోయినవాళ్లు ఉన్నారు.

పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) గురించి మీరు అడగలేదు. పీరియడ్స్ నెలనెలా సరిగా వస్తుంటే, గడ్డం దగ్గర వెంట్రుకల్లాంటివి లేకపోతే దాన్ని ఇప్పుడు వదిలేయండి.

మందులు మాత్రం తప్పకుండా చూసుకోండి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, ఇన్సులిన్, షుగర్‌కు గ్లిమిపిరైడ్, పయోగ్లిటజోన్, ఫిట్స్‌కూ మైగ్రేన్‌కూ ఇచ్చే వాల్‌ప్రోయేట్, మానసిక సమస్యలకు ఇచ్చే ఒలాంజపిన్, మిర్టాజపిన్, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఆకలి టానిక్కుల్లో ఉండే సైప్రోహెప్టడిన్ ఇవన్నీ బరువు పెంచగలవు. మీరుగా ఏదీ ఆపేయకండి, రాసిన డాక్టరును అడగండి, చాలావాటికి ప్రత్యామ్నాయాలు ఉంటాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. 46 ఏళ్ల ఒకావిడ, టైలరింగ్ చేసేది, రెండు నెలలుగా చెప్పింది చెప్పినట్టు చేస్తున్నా బరువు పెరుగుతోందని వచ్చింది. నేను ఆవిడ లెక్కలనే అనుమానించాను. నూనె అడిగాను, పల్లీలు అడిగాను, ఆదివారాలు అడిగాను. మూడోసారి వచ్చినప్పుడు ముఖం గుండ్రంగా ఉబ్బి కనబడింది, చేతుల మీద కమిలిన మచ్చలు. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించింది. అప్పుడు అడిగితే తెలిసింది, మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన "ఆకుల పొడి" ఏడాదిగా వాడుతోందట, ఒక్క రోజులో నొప్పి పోయిందట. అలా ఒక్క రోజులో నొప్పి తీసే పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం మన దేశంలో కొత్త కాదు. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరకు పంపాను, ఆయనా అదే తేల్చారు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. "ఏ మందులు వాడుతున్నారు" అని మొదటి రోజే అడిగాను నిజమే, ఆవిడ దృష్టిలో పొడి మందు కాదు. ఇప్పుడు "మందులు, పొడులు, కషాయాలు, ఇంజెక్షన్లు, పక్కింటివాళ్లు ఇచ్చినవి" అని విడివిడిగా అడుగుతాను.

కాబట్టి ఇవి ఉంటే యాప్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి: రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, పాదాలు నొక్కితే గుంట పడుతుంటే. పడుకుంటే ఆయాసం వస్తుంటే (ఇది ఉంటే ఆ రోజే). పొద్దున్న కళ్ల చుట్టూ ఉబ్బు, మూత్రంలో నురగ ఉంటే. పొట్ట మీద ఊదా రంగు వెడల్పాటి చారలు వస్తే, గొంతుక్కూర్చుని లేవలేకపోతే. ఇంకా, నవ్వకండి, మీరు ఎదురుచూస్తున్న పీరియడ్స్ వారం దాటినా రాకపోతే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. ఎనిమిది వారాలు డైట్ చార్టులు మార్చాక ఆ సంగతి తెలిసిన కేసు నా దగ్గర ఒకటి కాదు, రెండు ఉన్నాయి.

1,000 ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మంచం మీద కదలకుండా పడుకున్నా మీ ఒంటికి రోజుకు దాదాపు 1,370 కావాలి. వెయ్యితో మీరు రెండు వారాలు నెట్టుకొస్తారు, మూడో వారం రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ దగ్గర నిలబడతారు. కొవ్వుతోపాటు కండ కరుగుతుంది. రెండు మూడు నెలల తర్వాత దువ్వెనకు జుట్టు చుట్టుకుని వస్తుంది, అప్పటికి ఆ డైట్ మరిచిపోయి షాంపూ మారుస్తారు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. పైగా మీ సమస్య అది కాదు. యాప్‌లో 1,000 అని పెట్టుకున్నంత మాత్రాన అత్తయ్యగారి గరిటె చిన్నదవదు.

తక్కువగా కాదు, సరిగ్గా తినండి. నిజంగా తూచిన 1,500 పెట్టుకోండి, నూనెతో సహా. అలా తింటే రోజుకు నాలుగైదు వందలు తేడా వస్తుంది, నెలకు కిలోన్నర అటూ ఇటూ కొవ్వు తగ్గుతుంది. ప్రొటీన్ 70 నుంచి 85 గ్రాములు ఉండేలా చూసుకోండి, గుడ్లు, పప్పు, పెరుగు, చికెన్ లేదా సోయా, ఇప్పుడు వేసుకునే వే ప్రొటీన్ చెంచా కూడా లెక్కలోకే వస్తుంది. వంటింటి తూకం ఒకటి కొనండి, ఐదారు వందల్లో వస్తుంది. జీవితాంతం తూచమనడం లేదు, రెండు వారాలు చాలు. మీ ఇంటి గిన్నెతో అన్నం ఎంత తూగుతుందో, మీ గరిటెతో పప్పు ఎంత వస్తుందో కంటికి అలవాటవుతుంది. కూరలకు యాప్‌లో ఎవరో వేసిన అంకెలు కాకుండా కూరగాయ విడిగా, పప్పు విడిగా, నూనె విడిగా వేయండి. తిన్నాక కాకుండా తినేముందు రాయండి, రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసేది కథ అవుతుంది.

బరువు వారానికి కనీసం నాలుగు రోజులు చూడండి, పొద్దున్న లేచి బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, గట్టి నేల మీద, పరుపు మీదో కార్పెట్ మీదో కాదు. ఆ వారం సగటు మాత్రమే రాసుకోండి. ఏ వారాన్ని దేనితో పోల్చాలంటే, ఈ నెల పీరియడ్స్ తర్వాతి వారాన్ని వచ్చే నెల పీరియడ్స్ తర్వాతి వారంతో. రోజూ అంకె చూస్తే మనసు పాడయ్యే మనిషైతే కాటా అటక మీద పెట్టేసి నడుము కొలత ఒక్కటే పెట్టుకోండి, నష్టం లేదు. టేపు బొడ్డు దగ్గర, మామూలుగా ఊపిరి వదిలాక, పదిహేను రోజులకు ఒకసారి. మన భారతీయ ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలని లెక్క. నాకైతే కిలోలకంటే ఆ అంకె మీదే గురి ఎక్కువ.

నిద్ర ఎంతో మీరు రాయలేదు. ఐదు గంటలే అయితే పైన చెప్పినవన్నీ రెట్టింపు కష్టం అవుతాయి, ఆకలి అలా పెరుగుతుంది.

ఇప్పటికి చేయాల్సింది ఇంతే: పీరియడ్స్ అయిపోయిన నాలుగో రోజు నుంచి వారం బరువులు, నడుము కొలత, ఫోన్‌లో అడుగులు రాసుకోవడం మొదలుపెట్టండి. నూనె సీసా మీద తేదీ ఈ రోజే వేయండి. ఈలోపు టీఎస్‌హెచ్, షుగర్ చూపించుకోండి. నెల తర్వాత అవే నాలుగు అంకెలు మళ్లీ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. క్రియాటిన్ వాడతారో మానతారో మీ ఇష్టం, కానీ ఈ నెలలో మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టకండి, నీళ్లు అటూ ఇటూ అయ్యి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.